వాడపల్లి గట్టు నుంచి లొల్ల లాకుల దాకా: కోనసీమ చేల నడుమ ఒక పూట ఎలా నడవాలి

వాడపల్లి దగ్గర ఏటిగట్టు ఎక్కి, గోదావరి పాయ అయిన గౌతమిని కాసేపు చూసి, గట్టుకూ నీటికీ మధ్యనున్న లంక పచ్చికలో కొంత తిరిగి, మళ్లీ గట్టు దాటి వరిచేల నడుమ పుంతదారి పట్టుకొని, కాలువలో పడవలను ఒక మట్టం నుంచి మరొక మట్టానికి దాటించడానికి కట్టిన లొల్ల లాకుల వద్దకు చేరడం ఒక ఉదయం పూట పని. శ్రమపడవలసిన నడక కాదు. అయితే అదే దారి జనవరిలో ఒక తీరుగా, ఏప్రిల్‌లో మరొక తీరుగా కనిపిస్తుంది. వరద రోజుల్లో అందులో కొంత భాగం అసలు కనిపించదు. ఈ ప్రాంతంలో కాలిబాటలను మార్చేదీ మూసేదీ నీరే కాబట్టి, నదిలో నీరు ఎంత ఉంది, కాలువలో ఎంత ఉంది, చేలో ఎంత ఉంది అనే మూడు సంగతులు తెలుసుకొని బయలుదేరితే మిగిలిన ఏర్పాట్లన్నీ సులువవుతాయి.

ముందుగా ఈ భూమి అమరికను మనసులో పెట్టుకోండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలి తూర్పుపాయ గౌతమిగా, పడమటిపాయ వసిష్ఠగా సాగుతుంది. ఈ రెంటి నడుమనున్న మధ్య డెల్టాయే కోనసీమ. 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజికి నాలుగు భాగాలలో కలిపి 175 తలుపులు ఉన్నాయి. బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే ప్రధాన కాలువ లొల్ల మీదుగా నీటిని కోనసీమలోకి పంచుతుంది. అంటే మీరు నడవబోయే ప్రతి చేనుకూ ఒక వైపు నది, మరొక వైపు కాలువ ఉంటాయి. నదిని ఆపడానికి ఏటిగట్టు, కాలువ నీటిని చేలకు చేర్చడానికి బోదెలు, వాడిన నీటిని బయటకు పంపడానికి మురుగు కాలువలు ఉంటాయి. ఈ మూడింటిని వేరువేరుగా గుర్తించగలిగితే దారి తప్పినా తిరిగి దొరుకుతుంది: బోదెలో నీరు వచ్చే వైపు నడిస్తే పంట కాలువ దగ్గరకు, ఆ కాలువ గట్టు పట్టుకుంటే రోడ్డు దగ్గరకు చేరుకుంటారు. మురుగు కాలువను మాత్రం నమ్ముకోవద్దు, అది మిమ్మల్ని ఊళ్లకు దూరంగా తీసుకుపోతుంది.

నెలను ఎంచుకోవడం

నా అభిప్రాయంలో డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఈ నడకకు సరైన కాలం. సార్వా (వానకాలపు వరి) కోతలు ముగిసి, కొన్ని చేలలో వరి కుప్పలు, మరికొన్నింటిలో దాళ్వాకు (రెండో పంట వరికి) పోసిన ఆకుమళ్లు, ఇంకొన్నింటిలో దమ్ము చేసి (నీరు పెట్టి బురదగా దున్ని) ఊడ్పులకు సిద్ధంగా ఉంచిన మళ్లు పక్కపక్కనే కనిపించేది అప్పుడే. నదిలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి, లంకల్లో కూరగాయ పాదులు కాపు మీద ఉంటాయి. అయితే ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. ఏటిగట్టు మీద మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు తిరుగుతాయి కాబట్టి ఎదుటి కొబ్బరిచెట్టు స్పష్టంగా కనబడేవరకు గట్టు మీద నడక మొదలుపెట్టకండి. ఊళ్లో కాఫీ హోటలు ముందు అరగంట కూర్చోవడం నష్టమేమీ కాదు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లాలనిపించడం సహజం, ఎందుకంటే రెల్లు పూసి లంకలన్నీ తెల్లబడేది ఆ రోజుల్లోనే. వెళ్లవచ్చు, కానీ గట్టు మీద నుంచే చూసి రావాలి. జూలై నుంచి అక్టోబరు వరకు బయలుదేరే ముందు రోజు ధవళేశ్వరం నీటిమట్టం తప్పక తెలుసుకోండి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. సముద్రంలోకి వదిలే నీటి లెక్కలో అవి సుమారు పది, పదమూడు, పదిహేడు లక్షల క్యూసెక్కులకు సరిపోతాయి. మొదటి హెచ్చరిక వెలువడకముందే పల్లపు లంకల్లోకి నీరు చేరవచ్చు, కనుక హెచ్చరిక లేదన్న మాటను అనుమతిగా తీసుకోకూడదు. ఎగువన భద్రాచలంలో మట్టం పెరుగుతున్నదని వార్త వస్తే ఆ నీరంతా తరువాత ఇక్కడికే చేరుతుంది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదైనప్పుడు లంక గ్రామాలు ఏమయ్యాయో ఇక్కడి పెద్దవారిని అడిగితే, ఏ ఇంటి గోడ మీద ఎంతవరకు నీరు వచ్చిందో చెయ్యి పెట్టి చూపిస్తారు.

వేసవిలో ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు మాత్రమే నడవండి. ఏప్రిల్‌లో దాళ్వా కోతలు అయ్యాక కాలువలు కట్టివేస్తారు, చేలు బీటలు వారతాయి, దారి మాత్రం సుఖంగా ఉంటుంది, తాటి ముంజెలు దొరుకుతాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో కొబ్బరితోటల్లో నడవడమనే ఆలోచననే మానుకోవాలి. ఇక వారం సంగతి: వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కు ఉన్నందున శనివారం నాడు ఊరంతా వాహనాలతో, భక్తులతో నిండిపోతుంది. దర్శనం కోసం వచ్చేవారికి అదే రోజు; నడక కోసం వచ్చేవారికి మిగిలిన ఆరు రోజులూ ఉన్నాయి.

ఎటు నుంచి ఎటు నడవాలి

చాలామంది రోడ్డు మీదున్న లొల్ల దగ్గర దిగి నదివైపు నడుస్తారు. నేను దానికి వ్యతిరేకంగా చెబుతాను. లొల్ల నుంచి గౌతమి తూర్పున ఉంటుంది. ఉదయం వేళ అటు నడిస్తే దారి పొడవునా ఎండ కళ్లలో పడుతుంది, చేలో ఉన్న పిట్ట నల్లటి మరకలా తప్ప కనిపించదు. అదే వాడపల్లి గట్టు మీద మొదలుపెడితే నది మీద పొద్దుపొడుపు చూడవచ్చు, ఆ తరువాత పడమరకు తిరిగినప్పుడు ఎండ వీపున పడుతుంది, ముందున్న చేలన్నీ వెలుగులో ఉంటాయి. ముగింపులో లాకుల దగ్గర చెట్ల నీడ, ఆటోలు, తినడానికి ఏదైనా దొరుకుతాయి. రాజమహేంద్రవరం నుంచి వచ్చేవారు బ్యారేజి దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా, జాతీయ రహదారి మీద వచ్చేవారు రావులపాలెం దగ్గర దిగి, వాడపల్లి చేరుకోవచ్చు. ఆగుతూ, అడుగుతూ నడిచేవారు మూడు గంటలు కేటాయించుకోవాలి.

వెంట ఏమి ఉండాలి

బరువు ఎంత తక్కువైతే అంత మంచిది. రెండు లీటర్ల మంచినీళ్లు, ఒక తువ్వాలు, టోపీ, చిన్న కట్టుగుడ్డ, సెల్‌ఫోను తడవకుండా ఒక ప్లాస్టిక్ సంచి చాలు. చేతికర్ర మాత్రం తప్పనిసరి. కుక్కలను కొట్టడానికి కాదు, గడ్డిలో అడుగు వేసే ముందు నేలను తట్టడానికి, బోదెలో లోతు చూడడానికి, తాటి దుంగ మీద నడిచేటప్పుడు నిలదొక్కుకోవడానికి అది పనికివస్తుంది. కాళ్లకు పట్టీలున్న చెప్పులు మేలు. బూట్లలో ఒకసారి బురదనీరు చేరితే నడక ముగిసేదాకా ఆ బరువును మోయాలి. ఎండగా ఉన్నా పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఎందుకంటే రెల్లు ఆకు అంచు చర్మాన్ని సన్నగా కోస్తుంది, కంచెల మీద పాకే దురదగొండి కాయ నూగు తగిలితే చాలాసేపు గోక్కోవలసి వస్తుంది, ఇసుక నేలల్లో పల్లేరు కాయలు ఉంటాయి.

గట్టు మీద, గట్టు దిగాక

గట్టు ఎక్కగానే రెండు వైపులా చూడండి. ఒక వైపు ఊరి ఇళ్ల కప్పులు, కొబ్బరి మొవ్వులు దాదాపు మీ కంటి ఎత్తున కనిపిస్తాయి. మరొక వైపు లంక భూమి, దాని వెనుక నది. వరద నాడు ఈ గట్టే ఊరిని కాపాడుతుంది కనుక దాని వాలు మీద అడ్డదిడ్డంగా దిగకుండా, పశువులూ బళ్లూ దిగడానికి చేసిన బాట ఎక్కడుందో చూసి అక్కడే దిగాలి. వాలు మీది గడ్డి మట్టిని పట్టి ఉంచుతుంది. అందరూ ఒక్కొక్కరు ఒక్కొక్క చోట జారుకుంటూ దిగితే, ఆ జాడల్లోనే వాననీరు కాలువలు కడుతుంది.

లంకలో దిగాక నేల వెంటనే మారిపోతుంది. ప్రతి వరదా ఒండ్రు పరిచి పోతుంది కాబట్టి ఈ నేలలో అరటి, కంద, పసుపు, తమలపాకు, వంగ, బీర, దొండ, మొక్కజొన్న, కొన్ని చోట్ల పొగాకు బలంగా పెరుగుతాయి. చక్కెరకేళి గెలలు ఇక్కడి నుంచే రావులపాలెం మార్కెట్‌కు వెళ్లడం చూడవచ్చు. పంట లేని చోట గేదెలు మేసే పచ్చిక ఉంటుంది, నడవడానికి అది హాయి. అక్కడ పాటించవలసిన జాగ్రత్త ఒకటి ఉంది: మార్చి మొదలు వానలు పడేవరకు తీతువు పిట్ట నేల మీదనే గుడ్లు పెడుతుంది, గూడు కట్టదు, గుడ్లు గులకరాళ్లలాగే ఉంటాయి. అది మీ తల మీద తిరుగుతూ అరవడం మొదలుపెడితే ముందుకు నడవకుండా వచ్చిన అడుగుల్లోనే వెనక్కు వెళ్లి, దూరంగా చుట్టి వెళ్లండి. దూడలున్న గేదెల మంద ఎదురైతే మధ్య నుంచి దూరకూడదు. పక్కకు నిలబడితే అవే తొలగిపోతాయి, తొలగకపోతే కాపరిని కేకేయండి.

నీటి అంచు దగ్గర మాత్రం మొహమాటం లేకుండా భయపడాలి. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు. మోకాలి లోతు నీటిలో రెండు అడుగులు వేశాక మూడో అడుగుకు నేల ఉండకపోవచ్చు. అవతలి తిన్నె దగ్గరగా ఉన్నది కదా అని నీటిలో దిగి దాటడానికి ప్రయత్నించకండి. స్నానం చేయాలనుకుంటే మెట్లున్న రేవులోనే, నలుగురు మనుషులు ఉన్నప్పుడే చేయాలి. పైన బ్యారేజి తలుపులు ఎత్తితే నీరు చప్పుడు లేకుండా పెరుగుతుంది. తేటగా ఉన్న నీరు ఎర్రబారడం, నురగ, పుల్లలు, గుర్రపుడెక్క కొట్టుకురావడం, తడి ఇసుక మీద మీ అడుగుజాడలు నీటిలో మునగడం చూస్తే ఫొటోలు ఆపి గట్టు ఎక్కేయండి. పడవలో లంకకు దాటాలని ఉంటే పడవవారిని మొదట అడగవలసినది రుసుము కాదు, తిరిగివచ్చే చివరి పడవ ఎప్పుడన్నది. గాలి లేచిన రోజున వారు వద్దంటే బేరమాడవద్దు.

చేలలో నడక

ఈ నడకలో ఎక్కువ తెలివి కావలసింది ఇక్కడే. మళ్లీ గట్టు దాటి ఊరివైపు దిగాక పుంత ఏదో, చేనుగట్టు ఏదో తేడా తెలుసుకోవాలి. గుంటూరు వైపు డొంక అనేదానిని ఇక్కడ పుంత అంటారు. అది బళ్లు, పశువులు, మనుషులు చేలకు పోవడానికి వదిలిన ఉమ్మడి దారి, కాబట్టి దాని మీద ఎవరైనా నడవవచ్చు. చేనుగట్టు రైతుది. దాని మీద నడవడం ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు గానీ, అడిగి నడవడం మర్యాద. దగ్గర్లో పనిచేస్తున్న పెద్దాయనను, "బాబాయ్ గారూ, లొల్ల లాకులకు ఈ గట్టు మీద నుంచి వెళ్లొచ్చాండీ?" అని అడగండి. "ఆయ్, ఎందుకెళ్లకూడదండీ, ఆ మకాం దాకా వెళ్లి ఎడమ చేతికి తిరిగిపోండి, మడవ దగ్గర మాత్రం చూసుకోండి" అన్న సమాధానం వస్తే మీకు అనుమతీ, దారీ, హెచ్చరికా ఒక్కసారే దొరికినట్టు. మకాం అంటే చేలో పశువులకూ పనిముట్లకూ వేసిన పాక. దారి చెప్పేవారందరూ దానినే గుర్తుగా చెబుతారు. మడవ అంటే ఒక మడి నుంచి మరొక మడికి నీరు పారడానికి గట్టులో విడిచిన సందు.

ఆ మడవ గురించి నా తప్పు ఒకటి చెబుతాను. ఒక జనవరిలో, అప్పుడే గట్టు చెక్కి కొత్తమట్టి మెత్తిన చోట, పైన ఆరినట్టు కనిపించిందని అడుగు వేశాను. గట్టు నా బరువుకు కుంగి జారింది, నేను పక్క మడిలో మోకాళ్ల దాకా దిగాను, అదేమంత పెద్ద సంగతి కాదు. కానీ అప్పటికి రెండు రోజులుగా పెట్టిన నీరు ఆ గండిలోంచి పల్లపు మడిలోకి పోవడం మొదలుపెట్టింది. ఆ రైతు పార తెచ్చి పది నిమిషాల్లో గండి పూడ్చాడు. నన్ను ఒక్క మాటైనా అనలేదు, "కాలు ఏమైనా బెణికిందా అండీ?" అని మాత్రం అడిగాడు. అప్పటి నుంచి రంగు చూసి నడుస్తున్నాను: నల్లగా, నునుపుగా, పార జాడలతో మెరిసే గట్టు కొత్తది, దాని మీద కాలు పెట్టకూడదు, గడ్డి మొలిచి, మధ్యలో తెల్లటి కాలిబాట పడిన గట్టు పాతది, దాని మీద ఒకరి వెనుక ఒకరు నడవవచ్చు. పొరపాటున గట్టు తెగితే గుట్టుగా వెళ్లిపోకుండా, దగ్గర్లో ఉన్నవారికి వెంటనే చెప్పండి. తూము తలుపులను, మడవకు అడ్డంగా పెట్టిన గడ్డిచుట్టలను, రాళ్లను కదల్చవద్దు. వంతుల ప్రకారం వచ్చే నీటిని వారు ఆ విధంగా మళ్లించుకుంటారు.

బోదె మీద తాటి దుంగ వేసి ఉంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని, పాదాలను కొంచెం అడ్డంగా పెట్టి, కర్రను నీటి అడుగుకు ఆనించి దాటండి. మంచు కురిసిన ఉదయం ఆ దుంగ నూనె పూసినట్టు ఉంటుంది. నమ్మకం కుదరకపోతే బోదెలో దిగి దాటడమే క్షేమం. మందు కొడుతున్న చేను ఎదురైతే గాలి ఎటు వీస్తున్నదో చూసి, గాలి వచ్చే వైపు నుంచి చుట్టి పోవాలి లేదా వారు ముగించేవరకు ఆగాలి. మోటారు షెడ్ల దగ్గర నేల మీద పరిచిన తీగలను దాటకండి, తీగ కంచెలను ముట్టుకోకండి.

కొబ్బరితోటలోకి వచ్చాక ఒక్క నిమిషం నిలబడి చెవి ఒగ్గండి. ఎక్కడైనా 'ధబ్' మని కాయలు పడుతున్న చప్పుడు వినిపిస్తే దింపు జరుగుతున్నదని అర్థం. దింపు కార్మికులు పైనుంచి కింద ఎవరున్నదీ అన్నివేళలా చూడలేరు, కాబట్టి ఆ వరుసకు దూరంగా పోవాలి. దింపు లేని రోజున కూడా చెట్టు మొదట్లో కూర్చోవద్దు, నాలుగు చెట్ల నడుమ కూర్చోండి. కొబ్బరి నీడలో కోకో వేసిన తోటలు చాలా ఉన్నాయి; నేలంతా పరచుకున్న ఆ ఎండుటాకుల కింద ఏమున్నదో కనబడదు గనుక బాట వదలకూడదు. రక్తపింజర, కట్లపాము, నాగుపాము మూడూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. కర్ర తట్టుకుంటూ నడిస్తే అవి చాలావరకు తప్పుకుంటాయి. కాటు పడితే గాటు పెట్టడం, గట్టిగా తాడు కట్టడం, పసరు వేయడం వంటివి చేయకుండా, కరిచిన కాలిని కదలనీయకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

దాహం వేస్తే బోదె నీరు, కాలువ నీరు తాగవద్దు. తోటలో కాయ దింపుతున్నవారు బొండం ఇస్తే డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోకపోవచ్చు. ఒకసారి అడిగి ఊరుకోకుండా రెండోసారి అడగండి, అప్పటికీ వద్దంటే తాగి నమస్కారం పెట్టండి. గెల నుంచి పండు, పాదు నుంచి కాయ మాత్రం మీరుగా కోయకూడదు.

లాకుల దగ్గర

చేలు దాటి కాలువ గట్టు ఎక్కితే గాలి చల్లబడుతుంది. లొల్ల లాకులను సినిమాల్లో చూసినవారు చాలామంది ఉంటారు, పనిచేసే తీరు తెలిసినవారు తక్కువ. కాలువలో ఎగువ మట్టానికీ దిగువ మట్టానికీ తేడా ఉన్న చోట, రెండు జతల తలుపుల మధ్య పడవను నిలిపి, ఆ తొట్టిలో నీటిని నింపి పడవను పైకి చేర్చేవారు, లేదా నీటిని వదిలి కిందికి దించేవారు. రోడ్లు బాగుపడకముందు ధాన్యమూ కొబ్బరికాయలూ పెళ్లివారూ ఈ కాలువల మీదనే ప్రయాణించారు. తలుపుల మీద నడవకండి, ఫొటో కోసం అంచున కూర్చోకండి. లాకుల కింద నీరు పైకి కనిపించేదానికంటే బలంగా సుళ్లు తిరుగుతుంది. పిల్లలు వెంట ఉంటే ఇక్కడ వారి చేతులు వదలవద్దు.

నీడలో కూర్చొని చెప్పులూ పాదాలూ కడుక్కొని, చీలమండల దగ్గర జలగలు పట్టి ఉన్నాయేమో, ప్యాంటు అంచుకు పల్లేరు కాయలు గుచ్చుకున్నాయేమో చూసుకోండి. ఇక్కడి నుంచి ఆత్రేయపురం దగ్గరే, ఆటో దొరుకుతుంది. అక్కడ బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి పలుచని రేకుగా తేలడం కళ్లారా చూడవచ్చు. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొనడం మాత్రం నడక ముగిశాకనే పెట్టుకోండి. ఉదయమే కొని సంచిలో వేసుకొని నడిచినవారు ఇల్లు చేరేసరికి డబ్బాలో మిగిలేది నేతి వాసన వేసే పొడి.